మా పెట్టె ఏ ఓడ ఎక్కుతుంది? తూర్పు తీర రేవుల అధికారులకు పర్లాకిమిడి నుంచి బహిరంగ లేఖ

తూర్పు తీరంలోని నౌకాశ్రయాలను, నౌకాయాన విధానాన్ని, ఎగుమతుల వ్యవహారాలను చూస్తున్న కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల అధికారులకు నమస్కారాలు.

నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరలో ఒక చిన్న జీడిపప్పు కార్ఖానా నడుపుతున్నాను. పిక్కలు ఉడికించేవారు, కొట్టేవారు, పొట్టు తీసేవారు, గ్రేడు ఏరేవారు కలిసి నలభై ఆరు మంది అక్కడ పనిచేస్తున్నారు. వారిలో ముప్పై తొమ్మిది మంది ఆడవాళ్ళు. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. ఇవతల మేము ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో ఒడియా, కొండ సంతలో సవర మాట్లాడుకుంటూ బతుకుతున్నవాళ్ళం. మా చుట్టూ సముద్రతీరం దగ్గరలోనే ఉంది, రేవుల పేర్లు చెప్పమంటే నాలుగైదు చెప్పగలం, కానీ మా సరుకు పెట్టెలు, అంటే కంటైనర్లు, ఓడ ఎక్కే చోటు ఆచరణలో విశాఖపట్నం ఒక్కటే. ఈ విషయమై గత ఏడాదిన్నరలో నేనూ, నాలాంటి మరికొందరు చిన్న వ్యాపారులూ కలిసి మూడు వినతిపత్రాలు పంపాము. మొదటిదానికి అందినట్టు రసీదు వచ్చింది. మిగిలిన రెండింటికి అదీ రాలేదు. అందువల్ల ఈ లేఖను అందరూ చదివేలా రాయవలసి వచ్చింది.

మేము అడుగుతున్నది కొత్త రేవు కాదు, రాయితీ కాదు. ఉన్న రేవుల నుంచి కంటైనర్ ఓడలు ఏయే రేవులకు, ఎంత తరచుగా, ఎంత నమ్మకంగా నడుస్తున్నాయో కొలవండి, ఆ కొలతను నెలనెలా ప్రజల ముందు పెట్టండి, మా జిల్లాల గురించి నిర్ణయాలు చేసేటప్పుడు దానిని చూడండి. ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద లేఖ ఎందుకో వివరించడానికి ఒక పెట్టె కథ చెప్పాలి.

పోయిన శ్రావణ మాసంలో మా గుమ్మం ముందుకు ఒక ఇరవై అడుగుల పెట్టె వచ్చింది. సరుకు ఎక్కించే ముందు ప్రతిసారీ చేసేట్టుగానే మా మేస్త్రీ లోపలికి వెళ్ళి నిలబడితే బయటినుంచి తలుపులు మూసాము. లోపల చీకట్లో ఎక్కడైనా సూది మొనంత వెలుగు కనబడితే అక్కడ చిల్లు ఉన్నట్టు, వాన నీరు దిగుతుందన్నట్టు. వెలుగు కనబడలేదు. నేల ఊడ్చి, గోడల వెంట మందపాటి కాగితం పరిచి, తేమ పీల్చే సంచులు కొక్కేలకు తగిలించి, 22.68 కిలోల అట్టపెట్టెలు ఏడు వందలు పేర్చాము. మొత్తం 15,876 కిలోల పప్పు. సీలు బిగించాక దాని నంబరును మా పిల్లవాడు అరచేతి మీద రాసుకున్నాడు, ఎందుకంటే కాగితం తడిసిపోతుంది. ఆ రాత్రే లారీ బయలుదేరింది, పెట్టెలు తీసుకునే ఆఖరి గడువైన కటాఫ్‌కు ఒక రోజు ముందే పెట్టె రేవు యార్డులో దిగింది.

ఆ వారం ఓడ రాలేదు. ఈ దఫా ఈ రేవును వదిలేసి ముందుకు వెళ్తున్నామని ఓడ కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. తరువాతి వారం ఓడ వచ్చింది గాని చోటు లేదన్నారు. మా పెట్టెను రోలోవర్ చేశారు, అంటే వెనక్కి నెట్టారు. మూడో ఓడకు ఎక్కింది. మధ్య రేవులో దిగాక అక్కడి నుంచి పెద్ద ఓడ అందుకోవడానికి మరో పదకొండు రోజులు పట్టింది. మొత్తం మీద అనుకున్న తేదీకి ముప్పై నాలుగు రోజులు ఆలస్యంగా పెట్టె చేరింది. కొన్నవారు మంచివారే, ఆర్డరు రద్దు చేయలేదు. పండుగ అమ్మకాలు పోయాయి కాబట్టి ధర తగ్గించి డబ్బు పంపారు. ఈ కథలో ఏ అధికారీ తప్పు చేయలేదు. రేవు ప్రకటనల్లో, షెడ్యూలు కాగితాల్లో మాత్రం ఆ నెల అంతా అది వారానికి ఒక ఓడ వచ్చే సర్వీసుగానే ఉంది.

ఇక్కడే కొలత సంగతి వస్తుంది. మీ ప్రకటనలు మేము శ్రద్ధగా చదువుతాము. 2023–24లో పారాదీప్ 14.5 కోట్ల టన్నులకు పైగా సరుకు దాటించి దేశంలోని ప్రధాన నౌకాశ్రయాల్లో మొదటి స్థానానికి వచ్చింది, విశాఖపట్నం 8.1 కోట్ల టన్నులు దాటించింది. ఒడిశా వాళ్ళుగా, విశాఖతో ముడిపడినవాళ్ళుగా రెండూ మాకు సంతోషమే. కానీ పారాదీప్ దాటించే సరుకులో అత్యధిక భాగం బొగ్గు, ఇనుప ఖనిజం, ముడి చమురు లాంటివి. ఒక గని యజమాని ఒక ఓడ మొత్తాన్ని అద్దెకు తీసుకుని తన ఖనిజాన్ని తనకు కావలసిన చోటికి పంపుకోగలడు. పదహారు టన్నుల పప్పు ఉన్నవాడు ఓడను అద్దెకు తీసుకోలేడు. అతనికి కావలసింది వేళకు వచ్చి, అందరి పెట్టెలూ ఎక్కించుకుని, చెప్పిన దారిన వెళ్ళే సర్వీసు. టన్నుల లెక్క ఈ తేడాను చూపించలేదు. ఆ ఏడాది ప్రధాన నౌకాశ్రయాల్లో అన్నిటికంటే ఎక్కువ టన్నులు దాటించిన రేవు మా రాష్ట్రంలోనే ఉండి కూడా మా పెట్టెకు పనికిరాకపోవడం ఎలాగో ఆ లెక్కలో ఎక్కడా తెలియదు.

దీన్ని చూపించే లెక్క ఒకటి ఉంది. ఐక్యరాజ్యసమితికి చెందిన వాణిజ్య, అభివృద్ధి సంస్థ అంక్టాడ్ 2004 నుంచి దేశాల వారీగా ఓడల అనుసంధాన సూచీని వెలువరిస్తోంది. 2019 నుంచి విడివిడిగా రేవులకూ లెక్క కడుతూ, తొమ్మిది వందలకు పైగా రేవుల విలువలను మూడు నెలలకోసారి ఇస్తోంది. అందులో ఆరు అంశాలున్నాయి. వారానికి ఎన్ని ఓడలు రావాలని షెడ్యూలులో ఉంది. ఆ ఓడలన్నీ కలిపి ఏడాదికి ఎన్ని ఇరవై అడుగుల పెట్టెలు మోయగలవు. ఎన్ని సర్వీసులు నడుస్తున్నాయి. ఎన్ని కంపెనీలు వాటిని నడుపుతున్నాయి. అన్నిటికంటే పెద్ద ఓడలు తిరిగే సర్వీసులో ఓడ సగటు పరిమాణం ఎంత. పెట్టెను మధ్యలో దించకుండా నేరుగా ఎన్ని రేవులకు చేరవచ్చు. ఒక్కొక్క అంశాన్ని ఒక ఆధార విలువతో పోల్చి, ఆరింటికీ సమానమైన బరువు ఇచ్చి సగటు తీస్తారు. మొదట అయిదు అంశాలే ఉండేవి. నేరుగా చేరగల రేవుల లెక్క 2019లో చేరింది. మాకు ప్రాణం ఆ ఆరో అంశంలోనే ఉంది.

ఎందుకంటే మధ్యలో ఓడ మారిన ప్రతిసారీ పెట్టె ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్తుంది, మొదటి ఓడ రెండు రోజులు ఆలస్యమైతే రెండో ఓడ వారం తప్పుతుంది. అంక్టాడ్ వారి నిపుణులు ఇద్దరు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు దేశాల మధ్య నేరుగా ఓడ సర్వీసు లేనప్పుడు ఎగుమతుల విలువ 42 నుంచి 55 శాతం దాకా తక్కువగా ఉంటోందని, మధ్యలో ఓడ మారవలసిన ప్రతి అదనపు మజిలీకి 20 నుంచి 25 శాతం తగ్గుతోందని తేల్చారు. ఈ అంకెలు దేశాల మధ్య వాణిజ్యానికి సంబంధించినవి, మా ఒక్క రేవుకు అచ్చంగా వర్తిస్తాయని నేను అనను. అయినా మా లెక్కల పుస్తకంలో నేను చూస్తున్నదీ అదే దిక్కున ఉంది. మన దేశానికి వచ్చిపోయే, మధ్యలో ఓడ మారే సరుకులో దాదాపు 75 శాతం విదేశీ రేవుల్లోనే మారుతోందని, అందులో ఎక్కువ భాగం కొలంబో, సింగపూర్, పోర్ట్ క్లాంగ్ రేవులదేనని ప్రభుత్వమే చెప్పింది. 2025 మే నెలలో కేరళలోని విళింజం రేవును జాతికి అంకితం చేసింది కూడా ఈ పరిస్థితిని మార్చాలనే. అది మంచి పని. అయితే తూర్పు తీరం నుంచి విళింజానికి వారానికి ఎన్ని ఫీడర్ ఓడలు నడుస్తున్నాయో, నడవబోతున్నాయో మాకు ఎవరూ చెప్పలేదు. పెద్ద రేవు ఎంత పెద్దదైనా అక్కడికి తీసుకెళ్ళే చిన్న ఓడే మాకు దారి.

మా తాతగారు యువకుడిగా ఉన్నప్పుడు రంగం, అంటే బర్మాలోని రంగూను, వెళ్ళి వచ్చారు. ఆ రోజుల్లో రంగూనుకు వెళ్ళే స్టీమర్లు గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల దగ్గర ఆగేవి. పడవ మీద వెళ్ళి స్టీమరు ఎక్కేవారు. స్టీమరు ఏ రోజు వస్తుందో సంతలో కూలివాడికి కూడా తెలిసేదని ఆయన చెప్పేవారు. ఈ రోజు నా చేతిలో ఫోను ఉంది, ఓడ ఏ సముద్రంలో ఉందో బొమ్మ మీద కనబడుతుంది, కానీ మా రేవులో అది ఆగుతుందో లేదో ముందు రోజు దాకా తెలియడం లేదు.

సూచీని మెచ్చుకుంటూనే దాని లోపాలూ చెప్పాలి, ఎందుకంటే మేము అడిగేది దాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి గోడకు తగిలించమని కాదు. మొదటి లోపం, అది షెడ్యూలు మీద ఆధారపడిన లెక్క. నా పెట్టెను వదిలేసి వెళ్ళిన ఓడ కూడా అందులో వచ్చినట్టే లెక్కకు వస్తుంది. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఐరోపా ఓడలు ఆఫ్రికా కొనను చుట్టి తిరిగినప్పుడు ప్రయాణం పది పన్నెండు రోజులు పెరిగింది, ఓడల వరుసలు తప్పాయి. అలాంటి కాలంలోనే కాగితం మీది సర్వీసుకూ, నీటి మీది సర్వీసుకూ దూరం ఎక్కువవుతుంది. రెండో లోపం సగటుది. పక్షానికి ఒక్కసారి ఒక పెద్ద ఓడ వచ్చే రేవుకూ, వారానికి మూడు చిన్న ఓడలు మూడు కంపెనీలవి వచ్చే రేవుకూ సగటులో మార్కులు దగ్గర దగ్గరగా పడే వీలుంది. కానీ నెలకు ఒక పెట్టె పంపేవాడికి ఆ రెండు రేవులూ ఒకటి కావు. పెద్ద ఓడ తప్పితే అతను పదిహేను రోజులు కూర్చోవాలి, పైగా కంపెనీ ఒక్కటే కాబట్టి వాళ్ళు చెప్పిందే కిరాయి. మూడో లోపం, అది రేవు గేటు దగ్గర ఆగిపోతుంది. రేవులో ఎన్ని సర్వీసులున్నా, ఆహార పదార్థాలకు పనికివచ్చే శుభ్రమైన ఖాళీ పెట్టె మా ఊరికి రావాలంటే విశాఖ డిపో నుంచి లారీ ఖాళీగా రావాలి, నిండి వెళ్ళాలి. రెండు వైపులా కిరాయి మాదే.

రేవు చురుకుదనాన్ని, రేవు అనుసంధానాన్ని ఒకటిగా చూడవద్దని కూడా వినయంగా మనవి చేస్తున్నాను. విశాఖపట్నంలో పెట్టె నిలిచి ఉండే కాలం 2015లో 32.4 రోజులు ఉండగా 2019 నాటికి 5.3 రోజులకు తగ్గిందని ప్రపంచ బ్యాంకు 2023 నివేదికలో రాసింది. కంటైనర్ రేవుల పనితీరు సూచీలో విశాఖపట్నం 2022లో 115వ స్థానంలో ఉండి 2023లో 19వ స్థానానికి ఎక్కింది. ఆ మార్పును మేము కళ్ళారా చూశాము, అక్కడి క్రేన్ల మీద పనిచేసేవారికి, కస్టమ్స్ గదుల్లో పనిచేసేవారికి కృతజ్ఞతలు చెప్పాలి. కానీ ఆ సూచీ కొలిచేది వచ్చిన ఓడ రేవులో ఎంతసేపు ఉంది అన్నదాన్ని. పర్లాకిమిడి బస్టాండులో బస్సు అయిదు నిమిషాల్లోనే ప్రయాణికులను ఎక్కించుకుని కదిలిందంటే బస్టాండు బాగా నడుస్తున్నట్టే; రోజుకు ఎన్ని బస్సులు ఉన్నాయి, నేరుగా ఏ ఊరికి ఉన్నాయి, చివరి బస్సు తప్పితే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు. కృష్ణపట్నం సంగతే చూడండి. అదే 2023 సూచీలో దానికి 71వ స్థానం వచ్చింది. 2024 తొలి నెలల్లో అక్కడికి కంటైనర్ ఓడలు రావడం నిలిచిపోయి ఆంధ్రప్రదేశ్ అంతా చర్చ జరిగింది. పనితీరు మంచి రేవుకు కూడా సర్వీసులు పోవచ్చు. పోయేముందు సూచనలు కనబడాలంటే సర్వీసులను, కంపెనీలను నెలనెలా లెక్కపెట్టేవారు ఒకరు ఉండాలి.

ఈ లెక్క లేకపోవడం వల్ల మా జిల్లాల్లో మామూలు మనుషులకు జరుగుతున్నది ఇది.

1. పెట్టె కదలకపోతే ముందు ఆగేది కూలి. పప్పు డబ్బు చేతికి వచ్చేదాకా కొత్త పిక్కలు కొనడానికి నా దగ్గర పెట్టుబడి ఉండదు, బ్యాంకు ఇచ్చిన ఎగుమతి అప్పు మీద వడ్డీ మాత్రం రోజూ నడుస్తుంది. పోయిన శ్రావణ భాద్రపదాల్లో మా కార్ఖానాలో పొట్టు తీసే ఆడవాళ్ళకు వారానికి ఆరు రోజుల పని మూడు రోజులకు తగ్గింది. వాళ్ళది కిలో లెక్కన కూలి. పని లేని రోజుకు ఏమీ రాదు. అందులో ఒకావిడ కూతురి నర్సింగు ఫీజు కట్టడానికి చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. ఓడ వచ్చింది, డబ్బూ వచ్చింది, కమ్మలు మాత్రం ఇంకా విడిపించలేదు.

2. కొండ మీది రైతు. గజపతి కొండల్లో సవర కుటుంబాలు ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా జీడిపిక్కలు ఏరి, ఎండబెట్టి, సంతకు మోసుకొస్తాయి. ఒక్క వాన తగిలితే పిక్క నల్లబడి ధర పడిపోతుంది కాబట్టి వాళ్ళు నిలవ ఉంచలేరు. సంతలో కొనేవారిలో సగం మంది డబ్బు సముద్రం మీద ఇరుక్కుని ఉన్న ఏడాది, మిగిలిన సగం మంది చెప్పిందే ధర. తన పిక్క ధర ఎందుకు తగ్గిందో ఆ రైతుకు ఎవరూ చెప్పరు. ఓడ ఆగకపోవడం వల్ల అని అతను ఊహించను కూడా లేడు. స్థానిక పిక్కలు చాలక మా ప్రాంతపు కార్ఖానాలు, సరిహద్దు అవతల పలాస కార్ఖానాలు ఆఫ్రికా పిక్కల మీద కూడా ఆధారపడతాయి. ఆ పెట్టె మధ్య రేవులో మూడు వారాలు ఎండలో నిలిస్తే లోపల ఆవిరి పైకప్పుకు పట్టి, చినుకుల్లా సంచుల మీద పడుతుంది. తలుపు తీసిన వెంటనే వచ్చే ముక్క వాసనే ఫలితం చెప్తుంది. మాదిరి పిక్కలు కోసి చూడటం ఆ తరువాత సంగతి.

3. రొయ్యల చెరువులు. గంజాం తీరంలోను, చిలికా అంచుల్లోను చెరువులు వేసినవారి కష్టం మాకంటే పెద్దది, ఎందుకంటే పప్పు వారం ఆగుతుంది, రొయ్య ఆగదు. శీతల పెట్టె యార్డులో ఉన్నన్ని రోజులూ సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గర ఉంచడానికి కరెంటు ప్లగ్గులో ఉండాలి, ప్రతి రోజుకూ ఛార్జీ. ఓడలు తప్పి శీతల గిడ్డంగులు నిండిపోతే ప్లాంటు వాళ్ళు కొనడం తగ్గిస్తారు. అక్కడ చెరువు గట్టు మీద కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) పడిపోతుంది. ఇంకో వారం ఆగుదామంటే మేత ఖర్చు, ఏరేటర్ల కరెంటు, వైట్‌స్పాట్ తెగులు భయం. అప్పు తెచ్చిన కౌలు రైతు ఆ వారం ఆగలేడు.

4. లారీ డ్రైవర్లు. రేవు గేటు బయట రెండు రాత్రులు క్యాబిన్‌లో పడుకున్నదానికి వారికి విడిగా ఏమీ అందదు.

5. ఓడ రాని తప్పు మాది కాకపోయినా, యార్డు అద్దె, పెట్టె డిటెన్షన్ (గడువు దాటి పెట్టెను ఉంచుకున్నందుకు ఓడ కంపెనీ వేసే రుసుము) మా మీదే పడుతున్నాయి. డిటెన్షన్ డాలర్లలో వేస్తారు. పెద్ద ఎగుమతిదారుకు ముందే ఒప్పందం ఉంటుంది, ఉచిత రోజులు ఎక్కువ ఉంటాయి, చోటు కూడా ముందు అతనికే దొరుకుతుంది. ఏడాదికి పన్నెండు పెట్టెలు పంపేవాడు బేరం ఆడలేడు. అందువల్ల మా వైపు చిన్నవారు ఒక్కొక్కరే నేరుగా ఎగుమతి చేయడం మానేసి, సరుకును పెద్ద ఊళ్ళ వ్యాపారులకు తక్కువకు అమ్ముకుంటున్నారు. నేను కూడా ఈ ఏడాది రెండు లోడులు అలాగే ఇచ్చేశాను.

పై విషయాలను దృష్టిలో ఉంచుకుని మీ ముందు పెడుతున్న కోరికలు ఇవి.

1. తూర్పు తీరంలో కంటైనర్లు దాటించే ప్రతి రేవుకూ, అంక్టాడ్ వాడే ఆరు అంశాలను సగటులో కలిపేయకుండా విడివిడిగా, నెలకోసారి ప్రచురించండి. వాటి పక్కనే ఏడో గడి ఒకటి పెట్టండి: షెడ్యూలు ప్రకారం రావలసిన ఓడలు ఎన్ని, నిజంగా వచ్చినవి ఎన్ని, రేవును వదిలేసి వెళ్ళినవి ఎన్ని. ఓడ వచ్చిన సంగతి, వెళ్ళిన సంగతి ప్రతి రేవులోనూ రికార్డులో ఉంటుంది. ఇందుకు కొత్త యంత్రం, కొత్త ఉద్యోగం అక్కరలేదు.

2. రేవు నుంచి మాత్రమే కాక, జిల్లా నుంచి కొలవండి. పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం పట్టణాలను తీసుకుని, అక్కడ సీలు వేసిన పెట్టె ప్రపంచంలోని పది ముఖ్యమైన రేవులకు చేరడానికి ఎన్ని రోజులు పట్టింది, మధ్యలో ఎన్ని ఓడలు మారింది అన్నది చెప్పండి. సగటు ఒక్కటే ఇస్తే సరిపోదు. పది పెట్టెల్లో ఆఖరున చేరిన పెట్టెకు ఎన్ని రోజులు పట్టిందో కూడా ఇవ్వాలి, ఎందుకంటే కొనేవాడు మమ్మల్ని వదిలేసేది ఆ పెట్టె వల్లే. దేశంలో పెట్టెలకు రేడియో ట్యాగులు తగిలించి కదలికలను నమోదు చేసే లాజిస్టిక్స్ డేటా బ్యాంకు ఇప్పటికే పనిచేస్తోంది. దేశం లోపలి ప్రయాణం దాకా సమాచారం అందులో ఉంది. దాన్ని జిల్లాల వారీగా విడదీసి చూపించడమే మిగిలింది.

3. ఓడ తన వైపు నుంచి రేవును వదిలేసినప్పుడు, లేదా చోటు ఖరారు చేసిన పెట్టెను రోలోవర్ చేసినప్పుడు, ఆ రోజులకు డిటెన్షన్, యార్డు అద్దె, శీతల పెట్టెల ప్లగ్గు ఛార్జీ ఎగుమతిదారు మీద వేయకుండా నిబంధన పెట్టండి. కనీసం ఇన్ని రోజుల ముందు తెలపాలన్న గడువు పెట్టండి. మేము లారీని ఆపుకోగలిగితే సగం నష్టం తప్పుతుంది.

4. కొత్త రేవుల విషయంలో ముందు సర్వీసు మాట చెప్పండి, తరువాత బెర్తుల (ఓడలు నిలిపే చోట్ల) మాట చెప్పండి. శ్రీకాకుళం జిల్లా మూలపేటలో రేవు కడుతున్నారు. అది నౌపడకు పక్కనే ఉంది. నౌపడ నుంచి మా ఊరి మీదుగా గుణుపురం వెళ్ళే రైలు మార్గానికి 1900లో పర్లాకిమిడి రాజావారు ప్రారంభించిన చిన్న లైను మూలం, 2011లో అది బ్రాడ్‌గేజ్ అయ్యింది. గుణుపురం నుంచి తెరుబలికి సుమారు 73 కిలోమీటర్ల కొత్త లైనును 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అది పూర్తయితే రాయగడ వైపు ఫెర్రో అల్లాయ్, కాగితం, కొరాపుట్ కాఫీ, మా పప్పు అన్నీ ఒకే పట్టాల మీద సముద్రం దాకా రావచ్చు. ఇంత చక్కటి అవకాశం మా తరంలో మళ్ళీ రాదు. అందుకే అడుగుతున్నాను: ఆ లైను మీద పెట్టెలు ఎక్కించే చోటు ఒకటి, ఖాళీ పెట్టెలు నిలవ ఉంచే డిపో ఒకటి ఇప్పుడే నక్షాలో చేర్చండి, మూలపేటకైనా, ఖనిజాలు దాటించే గోపాలపురానికైనా పెట్టెల ఫీడర్ ఓడ నడుస్తుందా, నడిస్తే వారానికి ఎన్నిసార్లు, ఏ పెద్ద రేవుకు అన్నది ముందుగా అధ్యయనం చేసి బయట పెట్టండి. సర్వీసు రాదని తేలితే ఆ మాటే చెప్పండి, మేము మా పెట్టుబడిని దానికి తగ్గట్టు చూసుకుంటాము.

5. ఈ లెక్కలను చర్చించే సమావేశం మూడు నెలలకోసారి ఒకసారి బరంపురంలో, ఒకసారి విశాఖపట్నంలో జరగాలి. అందులో ఓడ కంపెనీల ప్రతినిధులు, పెద్ద ఎగుమతిదారులతో పాటు చిన్న వ్యాపారులకు, రొయ్యల రైతులకు, కార్ఖానా కూలీలకు చోటు ఉండాలి. రాష్ట్ర సరిహద్దు వల్ల ఒడిశా అధికారులు మా రేవు ఆంధ్రలో ఉందంటారు, ఆంధ్ర అధికారులు మా ఊరు ఒడిశాలో ఉందంటారు. రెండు వైపుల వాళ్ళూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తప్ప మా ఫైలు ముందుకు కదలదు.

6. నెలవారీ పట్టికను ఇంగ్లీషుతో పాటు ఒడియాలోను, తెలుగులోను ఇవ్వండి.

ఇందులో మొదటి, ఆరో కోరికలకు పెద్ద ఖర్చు లేదు, చట్టం మార్చనక్కరలేదు. మూడో కోరికకు ఓడ కంపెనీల నుంచి అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. ఛార్జీలు పెరిగితే ఓడలే రావు అని వారు అంటారు. ఆ వాదనలో కొంత నిజం ఉండవచ్చు. అందుకే ముందు లెక్క బయటపెట్టమంటున్నాము. ఏడాది పాటు ఎన్ని ఓడలు తప్పాయో, ఎన్ని పెట్టెలు వెనక్కి నెట్టారో అందరికీ తెలిస్తే, ఎవరి మీద ఎంత భారం న్యాయమో అప్పుడు మాట్లాడుకోవచ్చు. మా దగ్గర ఉన్న పదమూడు పెట్టెల కాగితాలు, సీలు నంబర్లు, మెయిళ్ళు తేదీల వారీగా పేర్చి ఉంచాము. మీరు ఏ అధికారిని పంపినా, ఏ కార్యాలయానికి రమ్మన్నా అవి తెచ్చి చూపిస్తాము.

ఫాల్గుణంలో కొండ మీది కొత్త పిక్కలు సంతకు వస్తాయి. ఎంత ధరకు కొనాలో, ఎన్ని బస్తాలు కొనాలో అప్పటికి మేము తేల్చుకోవాలి. ఆలోగా మొదటి నెల పట్టిక మా చేతికి వచ్చేటట్టు చూడవలసిందిగా, ఈ లేఖకు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
పర్లాకిమిడి ప్రాంతపు జీడిపప్పు వ్యాపారి,
గజపతి జిల్లా, ఒడిశా